తప్పిన ప్రయోగాలకూ పద్దు ఉండాలి

2024వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ పురస్కారంలో సగభాగం డేవిడ్ బేకర్‌కూ, మిగిలిన సగం డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకూ లభించిన సంగతి పాఠకులకు విదితమే. మాంసకృత్తుల అణువులు ఏ ఆకారంలో ముడుచుకుంటాయో కంప్యూటరు ద్వారా ముందుగానే చెప్పగలిగినందుకు హస్సాబిస్, జంపర్‌లకు, ప్రకృతిలో లేని కొత్త మాంసకృత్తులను రూపొందించినందుకు బేకర్‌కు ఆ గౌరవం దక్కింది. నాటి నుండి పత్రికలన్నీ కృత్రిమ మేధ మహిమను కీర్తిస్తూనే ఉన్నాయి. ఆ కీర్తనలో న్యాయం లేకపోలేదు. అయితే ఆ మేధ చదువుకున్న పుస్తకం ఏది, దానిని ఎవరు వ్రాశారు అన్న ప్రశ్న మాత్రం మరుగున పడిపోయింది.

ఆ పుస్తకం పేరు ప్రొటీన్ డేటా బ్యాంకు. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ తమ ఫలితాలను ఒకే పద్ధతిలో నమోదు చేసుకునే ఉమ్మడి పద్దు పుస్తకం అది. దాని చరిత్రను పరిశీలిస్తే, జోస్యం చెప్పే యంత్రం కన్నా ముందు నిజాయితీగా పద్దు వ్రాసే అలవాటు అవసరమన్న సత్యం బోధపడుతుంది. మన దేశంలో ఇటువంటి దత్తాంశ నిధులకు పునాదులు పడుతున్న ఈ తరుణంలో ఆ సత్యాన్ని విస్మరించడం క్షేమకరం కాదు.

ఏడు పద్దులతో మొదలు

1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఈ నిధి ఆరంభమైనప్పుడు అందులో ఉన్నవి కేవలం 7 నిర్మాణాలు. ఆ రోజుల్లో ఒక్క మాంసకృత్తి ఆకారాన్ని కనుగొనడానికి ఏళ్ళు పట్టేది. దానిని స్ఫటికంగా మార్చాలి, ఎక్స్ కిరణాలను ప్రసరింపజేయాలి, వెలువడిన చుక్కల నమూనా నుండి వేలాది పరమాణువుల స్థానాలను లెక్కగట్టాలి. ఇంత కష్టపడి సాధించిన ఫలితాన్ని ఊరందరి సొత్తుగా చేయడానికి శాస్త్రవేత్తలు ఆదిలో వెనుకాడారంటే ఆశ్చర్యం లేదు. కాలక్రమేణా పరిశోధన పత్రికలు ఒక నియమం పెట్టాయి. ఫలితాన్ని ఉమ్మడి నిధిలో జమ చేయనిదే వ్యాసాన్ని ప్రచురించబోమన్నాయి. 2003లో అమెరికా, ఐరోపా, జపాను కేంద్రాలు కలిసి ఈ నిధిని ప్రపంచవ్యాప్త సంస్థగా తీర్చిదిద్దాయి. 2008 నుండి తుది ఆకారంతో పాటు, దానికి ఆధారమైన మూల కొలతలను కూడా సమర్పించడం తప్పనిసరి అయింది. 2023 నాటికి నిర్మాణాల సంఖ్య 2,00,000 దాటింది.

ఇక్కడ మన ప్రాంతానికి చెందిన ఒక విషయాన్ని స్మరించుకోవాలి. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ కలిసి ఒక పటాన్ని ప్రకటించారు. మాంసకృత్తి గొలుసులోని బంధాలు ఏయే కోణాలలో తిరగగలవో, ఏయే కోణాలలో పరమాణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటాయో ఆ పటం చూపుతుంది. నిధిలోకి వచ్చే నిర్మాణాల మంచిచెడ్డలను నిర్ణయించడానికి నేటికీ 'రామచంద్రన్ పటం' ఒక గీటురాయిగా ఉపయోగపడుతోంది. పద్దు వ్రాస్తే చాలదు, పద్దును సరిచూసే కొలబద్ద కూడా ఉండాలన్నది దీనినుండి గ్రహించవలసిన నీతి.

1994లో మరొక మంచి సంప్రదాయం మొదలైంది. ప్రయోగశాలలో తేలినా ఇంకా లోకానికి వెల్లడి కాని నిర్మాణాలను ప్రశ్నపత్రంగా ఇచ్చి, కంప్యూటరు పద్ధతుల సత్తాను రెండేళ్ళకొకసారి పరీక్షించే పోటీ అది. ముందు జవాబు వ్రాయాలి, తరువాతనే అసలు ఫలితం చూడాలి. కాపీకి తావు లేని ఈ పరీక్షలో 2020లో ఆల్ఫాఫోల్డ్ రెండవ రూపం అసాధారణమైన విజయం సాధించింది. దాని శిక్షణకు ఆధారమైనవి ఉమ్మడి నిధిలో అప్పటికి చేరిన సుమారు 1,70,000 నిర్మాణాలు. 2022 నాటికి అది 20 కోట్లకు పైగా మాంసకృత్తులకు ఊహాకృతులను గీసి అందరి ముందూ ఉంచింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు వేలాదిమంది ఓపికగా వ్రాసిన పద్దులు లేకుంటే ఈ జోస్యం సాధ్యమయ్యేది కాదు.

పుస్తకంలో లేని పుటలు

ఇంత గొప్ప నిధిలోనూ ఒక లోటు ఉంది. అందులో చోటు దక్కేది సాధించిన నిర్మాణాలకే. స్ఫటికంగా మారడానికి నిరాకరించిన మాంసకృత్తులు, నెలల తరబడి శ్రమించినా ఫలించని ప్రయత్నాలు అందులో కనబడవు. అవి ప్రయోగశాల నోటు పుస్తకాలలోనే మిగిలిపోయి, పరిశోధక విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్ళగానే బీరువాలో దుమ్ము పట్టిపోతాయి. రసాయన శాస్త్రంలోనూ ఇదే కథ. ప్రచురితమైన వ్యాసాలు చదివితే ప్రయోగాలన్నీ ఫలించేవే అన్న భ్రమ కలుగుతుంది. వాస్తవం అందుకు పూర్తిగా భిన్నమని ప్రయోగశాలలో ఒక్క వారం గడిపినవారికైనా తెలుసు.

ఆ పాత నోటు పుస్తకాలకు విలువ కట్టిన ప్రయత్నం ఒకటి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హేవర్‌ఫర్డ్ కళాశాలలో జరిగింది. అది పెద్ద విశ్వవిద్యాలయం కాదు, పట్టభద్ర స్థాయి విద్యార్థులు చదువుకునే చిన్న కళాశాల. అక్కడి అధ్యాపకులు అలెగ్జాండర్ నార్‌క్విస్ట్, జాషువా ష్రయర్, సొరెల్ ఫ్రీడ్లర్ తమ విద్యార్థులతో కలిసి, మూసిన పాత్రలో నీటితో వేడిచేసి స్ఫటికాలను పెంచే ప్రయోగాల పాత వివరాలన్నిటినీ వెలికితీశారు. ఫలించినవి, ఫలించనివి కలిపి దాదాపు 4,000 ప్రయోగాలు లెక్కకు వచ్చాయి. ఏ పదార్థాలు ఎంతెంత కలిపారు, ఎంత వేడి, ఎంత సమయం, ఆమ్లత్వం ఎంత, చివరికి ఏమి మిగిలింది అన్న వివరాలన్నిటినీ ఒకే పట్టికలోకి ఎక్కించి, దానితో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు.

2016లో నేచర్ పత్రికలో వెలువడిన వారి ఫలితం గమనార్హమైనది. మునుపెన్నడూ వాడని ముడి పదార్థాలతో స్ఫటికాలను తయారు చేయడానికి అనువైన పరిస్థితులను సూచించమన్నప్పుడు, కంప్యూటరు సూచనలలో 89 శాతం ఫలించాయి. అనుభవజ్ఞులైన రసాయన శాస్త్రవేత్తల అంచనాలు ఫలించినది 78 శాతం. మరీ విశేషమేమంటే, ఆ లెక్కల నుండి మనుషులు చదివి అర్థం చేసుకోగల నియమాలను కూడా వారు రాబట్టగలిగారు. ఎవరికీ పనికిరావనుకున్న ప్రయోగాలు గురువులకే పాఠం చెప్పాయన్నమాట.

ఇందులో తర్కం తేలికగానే అర్థమవుతుంది. పరీక్షలో ఉత్తీర్ణులైన వారిని మాత్రమే చూపి, ఎందుకు తప్పుతారో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఫలించిన ప్రయోగాలను మాత్రమే చూసిన యంత్రానికి ప్రతి ప్రయోగమూ ఫలించేదిగానే కనబడుతుంది. ఎక్కడ హద్దు దాటితే పని చెడుతుందో తెలియాలంటే, చెడిన సందర్భాలు కూడా దాని కళ్ళ ముందు ఉండాలి.

అలవాటు చేసే మోసం

అదే బృందం 2019లో మరొక నిజాన్ని వెలికితీసింది. ఈ కోవకు చెందిన స్ఫటికాల తయారీలో అమైన్లనే పదార్థాలను వాడతారు. ప్రకటితమైన సమ్మేళనాలను పరిశీలించగా, అమైన్లలో కేవలం 17 శాతమే 79 శాతం సమ్మేళనాలలో కనిపించాయి. ఆ కొద్దిపాటి పదార్థాలు మిగిలినవాటి కంటే మేలైనవా అని పరీక్షించడానికి, చీట్లు వేసి ఎంపిక చేసినట్లుగా యాదృచ్ఛికంగా 548 ప్రయోగాలు చేశారు. ఒక పదార్థానికి ఉన్న ప్రాచుర్యానికీ, ప్రయోగం ఫలించడానికీ సంబంధమే లేదని తేలింది. పూర్వులు వాడారు కనుక మనమూ వాడుతున్నాము, అంతే. మనుషులు ఎంపిక చేసిన పెద్ద పట్టికతో శిక్షణ పొందిన కంప్యూటరు కంటే, యాదృచ్ఛికంగా సేకరించిన చిన్న పట్టికతో శిక్షణ పొందినదే మెరుగ్గా జోస్యం చెప్పింది.

దత్తాంశం ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం నేడు ప్రబలంగా ఉంది. అయితే అందరూ నడిచిన బాటలోనే తిరిగి తిరిగి పోగు చేసిన లక్ష పద్దుల కంటే, నలుదిక్కులా తిరిగి వ్రాసిన కొన్ని వందల పద్దులు ఎక్కువ ప్రయోజనకరం కావచ్చునని ఈ అనుభవం హెచ్చరిస్తోంది.

'గది ఉష్ణోగ్రత' అంటే ఎంత?

ఉమ్మడి పుస్తకంలో పద్దు వ్రాయడం పైకి కనిపించినంత సులభం కాదు. 'గది ఉష్ణోగ్రత వద్ద కలిపి, రాత్రంతా ఉంచాము' అన్న వాక్యం రసాయన శాస్త్ర వ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. మే నెలలో బళ్ళారి గది, డిసెంబరులో హోసూరు గది ఒకటేనా? రాత్రంతా అంటే 8 గంటలా, 16 గంటలా? ఒకే ప్రయోగశాలలో పనిచేసేవారికి ఈ మాటలు చాలు. వేరొక దేశంలోని మనిషికి గాని, మాటల వెనుక భావాన్ని ఊహించలేని యంత్రానికి గాని ఇవి నిరర్థకాలు. రెండు భాషల నడుమ బతికే మన సరిహద్దు ప్రాంతాల వారికి ఈ చిక్కు కొత్త కాదు. ఒకే వస్తువును ఒక ఊరిలో ఒక పేరుతో, పక్క ఊరిలో మరొక పేరుతో పిలుస్తారు. సంతలో చేతితో చూపి కొనుక్కోవచ్చు. పద్దు పుస్తకంలో చేతితో చూపే అవకాశం లేదు.

అందువల్ల ప్రతి పదార్థానికీ ఒకే గుర్తు, ప్రతి కొలతకూ ప్రమాణం, ప్రతి ప్రయోగానికీ తేదీ, వాడిన పరికరం వివరం ఉండాలి. 2021లో వెలుగులోకి వచ్చిన ఓపెన్ రియాక్షన్ డేటాబేస్ అనే నిధి రసాయన చర్యలను ఈ విధంగా ఏకరూపంలో నమోదు చేయడానికే ఏర్పడింది.

జోస్యం మీద తీర్పు

యంత్రం చెప్పినదల్లా వేదవాక్కు కాదు. 2023 నవంబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల వారు, మనుషుల ప్రమేయం పెద్దగా లేకుండా పనిచేసే రోబో ప్రయోగశాల 17 రోజులలో 58 లక్ష్య పదార్థాలకు గాను 41 పదార్థాలను తయారు చేసిందని ప్రకటించారు. ఏ పదార్థం నిలకడగా ఉండగలదో సూచించినవి ఉమ్మడి దత్తాంశ నిధులే. కొద్ది కాలానికే లండన్‌కు చెందిన రాబర్ట్ పాల్‌గ్రేవ్, ప్రిన్స్‌టన్‌కు చెందిన లెస్లీ షూప్, వారి సహచరులు ఆ ఫలితాలను తిరిగి విశ్లేషించి, అందులో నిజంగా కొత్త పదార్థం ఒక్కటీ లేదని వాదించారు. ఎక్స్ కిరణ ఫలితాలను యంత్రం అర్థం చేసుకున్న తీరే సరిగా లేదన్నది వారి ఆక్షేపణ. ఈ వివాదంలో ఎవరి పక్షం వహించినా ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. కొలతలు బయటపెట్టబట్టే వాటి మీద చర్చ సాధ్యమైంది. దాచిపెట్టిన ఫలితానికి విమర్శ ఉండదు, విమర్శ లేని చోట దిద్దుబాటూ ఉండదు.

మరొక చిక్కు కూడా ఉంది. ప్రజాధనంతో వ్రాసిన పద్దుల మీద కట్టిన మేడకు యజమాని ఎవరు? 2024 మే నెలలో ఆల్ఫాఫోల్డ్ మూడవ రూపాన్ని ప్రకటించినప్పుడు దాని అంతర్గత సూత్రావళిని బయటపెట్టలేదు. శాస్త్రవేత్తలు బహిరంగంగా నిరసన తెలిపారు. అదే సంవత్సరం నవంబరులో విద్యా సంస్థల వినియోగానికి, వ్యాపారేతర ప్రయోజనాలకు పరిమితం చేస్తూ దానిని విడుదల చేశారు. ఊరుమ్మడి చెరువు నీటితో పండిన పంటలో ఊరికి వాటా ఎంత అన్న ప్రశ్న వంటిదే ఇది. పద్దులు ఇచ్చేవారికి ముందే స్పష్టమైన షరతులు లేకపోతే రేపు ఇచ్చేవారు కరువవుతారు.

మన దేశం ఎక్కడ ఉంది?

మన దేశంలో ప్రభుత్వ నిధులతో జరిగే జీవశాస్త్ర పరిశోధనల దత్తాంశాన్ని భద్రపరచడానికి 2022 నవంబరులో ఫరీదాబాదులో భారతీయ జీవ దత్తాంశ కేంద్రం ప్రారంభమైంది. అంతకు ముందు 2021లోనే దత్తాంశాన్ని పంచుకోవడానికి మార్గదర్శకాలు వెలువడ్డాయి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా పథకం క్రింద సుమారు 10,000 మంది భారతీయుల జన్యు వివరాలు 2025 జనవరిలో ఈ కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఇవన్నీ హర్షించదగిన పరిణామాలు.

అదే 2025 జనవరిలో 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కూడా ఆరంభమైంది. సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యా సంస్థల విద్యార్థులు చదువుకోవడానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. మారుమూల కళాశాలలకు ఇది వరమనే చెప్పాలి. అయినా ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆ పత్రికలలో ఉండేవి చాలావరకు ఫలించిన ప్రయోగాలే. ఇతరుల విజయగాథలను చదవడానికి ఇంత వెచ్చిస్తున్న మనం, మన ప్రయోగశాలలలో ప్రతిరోజూ పుట్టే అపజయాలను భద్రపరచడానికి ఎంత వెచ్చిస్తున్నాము? ఆ నోటు పుస్తకాల కోసం కూడా ప్రజాధనమే ఖర్చయింది. ఒక విశ్వవిద్యాలయంలో ఫలించదని తేలిన ప్రయోగాన్ని, ఆ సంగతి తెలియక మరొక విశ్వవిద్యాలయంలో మళ్ళీ చేస్తే రసాయనాల ఖర్చే గాక ఒక విద్యార్థి జీవితంలో కొన్ని నెలలు వృథా అవుతాయి.

అపజయాన్ని నమోదు చేస్తే పదోన్నతి రాదు, పట్టా రాదు. పైపెచ్చు చేతకానివాడన్న పేరు వస్తుంది. ఇదే అసలు అడ్డంకి. పోటీదారులకు గుట్టు తెలిసిపోతుందన్న భయమూ ఉంది. గుట్టు కాపాడుకోవలసిన పరిశోధనలకు కొంత గడువు ఇచ్చి, ఆ తరువాత వెల్లడించమని నియమం పెట్టవచ్చు. నిధులిచ్చే సంస్థలు తుది నివేదికతో పాటు ప్రయోగాల పూర్తి పట్టికను కూడా కోరవచ్చు. ఆ పట్టికను ఇతరులు వినియోగించుకున్నప్పుడు దానిని వ్రాసినవారి పేరును వ్యాసకర్త పేరుతో సమానంగా గౌరవించవచ్చు. ఇవేవీ అసాధ్యాలు కావు. ప్రొటీన్ డేటా బ్యాంకు విషయంలో పత్రికలు పట్టుబట్టినట్లే ఇక్కడ నిధులిచ్చేవారు పట్టుబట్టాలి.

మన పొలం, మన బడి

ఇది పెద్ద ప్రయోగశాలల గొడవ, మనకెందుకు అనుకునే పాఠకులు ఉండవచ్చు. మన గ్రామాల రైతుల వద్ద ఉన్న భూసార ఆరోగ్య పత్రం కూడా ఒక ప్రయోగశాల ఫలితమే. 2015 ఫిబ్రవరిలో ఆరంభమైన ఆ పథకం క్రింద సాగునీరున్న భూమిలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూమిలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనా తీసి, 12 అంశాలను పరీక్షించి, ఏ ఎరువు ఎంత వేయాలో సూచిస్తారు. సూచన అన్నది జోస్యమే కదా. ఆ సూచన ప్రకారం ఎరువు వేశాక పంట ఎంత పండింది, పండకపోతే ఎందుకు పండలేదు అన్న వివరం అదే పుస్తకంలోకి తిరిగి చేరితేనే మరుసటి ఏడాది సూచన మెరుగవుతుంది. ముఖ్యంగా సరిహద్దు గ్రామాలలో, ఒకే నేల రెండు రాష్ట్రాల పరిధిలో చీలి ఉన్నచోట, ఈ పక్క పొలం అనుభవం ఆ పక్క పొలానికి అందాలి. నేలకు రాష్ట్ర సరిహద్దు తెలియదు, పద్దుకూ తెలియకూడదు.

ఇక బడి సంగతి. అపజయాన్ని దాచే అలవాటుకు విత్తనం పడేది అక్కడే. సాధారణ లోలకం ప్రయోగం చేయించిన తరువాత విద్యార్థుల రికార్డు పుస్తకాలు తిరగేస్తే, అందరి గురుత్వ త్వరణమూ 980 దగ్గరే ఉంటుంది. వేరు వేరు దారాలు, వేరు వేరు చేతులు, వేరు వేరు గడియారాలు వాడినా జవాబు మాత్రం ఒక్కటే. పాఠ్యపుస్తకంలోని జవాబు నుండి వెనక్కి లెక్కగట్టి కొలతలు వ్రాస్తే మార్కులు వస్తాయి గనుక విద్యార్థి అలాగే వ్రాస్తాడు.

ఒక్కరికి 1086 వచ్చిందనుకుందాం. దానిని కొట్టివేయకుండా పట్టికలో ఉంచితే అది మాట్లాడుతుంది. లోలకాన్ని వదిలిన క్షణంలోనే 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టే పిల్లవాడు 20 అనేసరికి నిజానికి పూర్తయ్యేవి 19 డోలనాలే. ఆ ఒక్క డోలనం తేడా వల్ల గురుత్వ త్వరణం 980కి బదులు సరిగ్గా 1086 దగ్గరకు చేరుతుంది. తప్పు జవాబు తన కారణాన్ని తానే చెప్పింది. దిద్ది వ్రాసిన 980 ఆ సంగతి చెప్పలేదు.

గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, తరగతిలోని అందరి కొలతలనూ ఉన్నవి ఉన్నట్లు అందులో వ్రాయిస్తే అదే ఆ బడికి ఉమ్మడి దత్తాంశ నిధి. 25 సెంటీమీటర్ల లోలకానికి సుమారు ఒక సెకను, 100 సెంటీమీటర్లకు సుమారు రెండు సెకన్లు అని తేలాక, 64 సెంటీమీటర్లకు ఎంత పడుతుందో ముందుగా వ్రాయమని, ఆ తరువాతనే కొలవమని విద్యార్థులను అడగవచ్చు. 1.6 సెకన్లని ఊహించి, కొలిచి, సరిపోయిందని చూసుకున్న విద్యార్థికి జోస్యమంటే ఏమిటో తెలుస్తుంది. సరిపోనివాడికి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. దీనికి కంప్యూటరు అవసరం లేదు, నిధుల మంజూరు అవసరం లేదు. సరైన జవాబుకు కాక, చూసినది చూసినట్లు వ్రాసినందుకు మార్కులు వేసే పరీక్షాధికారి ఉంటే చాలు.

ఫరీదాబాదు కేంద్రంలోని యంత్రాలు ఎంత శక్తిమంతమైనవైనా, వాటికి రేపు పద్దులు పంపవలసినవారు నేడు మన తరగతులలో రికార్డు పుస్తకాలు వ్రాస్తున్న పిల్లలే. వారి చేత 1086ను కొట్టివేయించి 980 వ్రాయిస్తూ పోతే, ఆ యంత్రాలు కూడా మనకు పాఠ్యపుస్తకంలోని 980నే తిరిగి వినిపిస్తాయి. రానున్న సైన్సు ప్రాయోగిక పరీక్షలకు ముందే జిల్లా విద్యాశాఖలు ఈ మార్కుల పద్ధతిని పునఃపరిశీలించడం మంచిది.